వాయవ్యం వైపు

ఇక్కడ దుంగ మిల్లుకి వెళ్ళదు.
దుంగ పడ్డచోటికే మిల్లు వస్తుంది
ట్రైలర్లో, విడివిడి ఇనప కాళ్ళతో.
పడుకున్న చెట్టు చుట్టూ తామతి పట్టాలు బిగించాడు,
బాలింత మంచానికి దోమతెర కట్టినంత ఓపిగ్గా.
అడ్డకొలతలో నా భుజం దాకా వచ్చింది దుంగ.
టేపు చాలక చుట్టుకొలత గడ్డిమోపుల తాడుతో తీశాడు.

మా మామగారు క్లారీ నాటిన వరస ఇది.
అప్పుడవి జానెడు మాక్రోకార్పా మొక్కలు,
ఒక్కోదానికీ చింపిన గోనెసంచి చాటు.
కొండలు దిగి రకాయా ఏటిరాళ్ళ మీంచి వచ్చే గాలి
విత్తనాలతో సహా మట్టిని ఎత్తుకుపోయే రోజులట.
ఏటేటా తలలు కొట్టమని చెప్పి పోయాడు.
ఒక ఏడు ఉన్ని ధర పడిపోయింది.
ఒక ఏడు మా ఆయన నడుం పడిపోయింది.
ఆ తరవాత ఏ నిచ్చెనా అందలేదు.

చలికాలం, మూడింటికే నా వంటింట్లో దీపం.
నీడ పడ్డ రోడ్డుమీద పొద్దంతా మంచు,
పాల ట్యాంకరు రెండుసార్లు జారింది.
చూడి ఆవులు కంచె మీంచి మెడ చాచి ఆ ఆకు మేస్తే
ఈసుకుపోయేవి. ఒక్క ఏడాదే నాలుగు.
లెక్క పుస్తకంలో రాశాను.
గాలిని ఆపినందుకు ఏ పుస్తకంలోనూ ఏమీ రాయలేదు.

అందుకే ముందు కొమ్మలన్నీ ఏరి తగలబెట్టాం.
రెండు రోజులు నా జుట్టుకి
నిమ్మతొక్కా మిరియమూ కలిపి నూరిన వాసన.

రంపం అడ్డంగా వెళుతుంది,
చివర పక్కకి వాలి నిలువుగా తిరిగొస్తుంది.
పోను ఒక కోత, రాను ఒక కోత, ఒక పలక.
చివర నిలబడి అందుకోవడం నా వంతు.
తేనెరంగు చేవ, తడిగా, వెచ్చగా,
పొట్టు మోచేతులదాకా.

విడిపోయిన పలక ఊరుకోదు.
చేతిలోనే విల్లులా లేస్తుంది.
"ఎనభై ఏళ్ళు ఒక పక్కకే ఒరిగి నిలబడింది కదమ్మా,
నోయలీన్, నువ్వయినా అంతే" అన్నాడు తామతి.
మొదలు కోసినచోట చూశాను.
వాయవ్యం వైపు గీతలు వెంట్రుకవాసి ఎడంలో,
ఆగ్నేయం వైపు వేలి మందాన.
వేసంగి, వానాకాలం కాదు,
అది తోపుల లెక్క.

నాలుగో దుంగలో రంపం కేకేసింది.
ఇంజను ఆపి వంగి చూస్తే
చేవలో జానెడు లోతున ఒక గేటు కమ్మీ,
చుట్టూ సిరా ఒలికినట్టు నల్లమరక.
మూడు పళ్ళు పోయాయి. తామతి తిట్టలేదు.
"చెక్క నీది, ఇనుము నాదీ" అని జేబులో వేసుకున్నాడు.
ఇక్కడ గేటు ఉండేదని మా ఆయనకి తెలియదు,
పక్క పొలం ఎస్మీకి తెలియదు, ఆమెకి తొంభై.
ఎటు తెరుచుకునేదో, ఎవరు వేసేవారో.
మధ్యాహ్నమంతా అదే ఆలోచిస్తూ
రెండు పలకలు కాలిమీద వేసుకున్నాను.

ఆరో రోజుకి వరస లేదు.
మూడు దూడల కొట్టాలకి సరిపడా దూలాలు,
గొర్రెల దొడ్డికి కమ్మెలు,
ఇంకా ఏం చెయ్యాలో తేలని కొన్ని వెడల్పు పలకలు.
వంటింట్లో ఎండ పడింది.
నలభై ఏళ్ళ జిడ్డు కనిపించి సిగ్గేసింది.

పలకకీ పలకకీ నడుమ పుల్లలు పెట్టి పేర్చాలి,
గాలి దూరి పారితేనే ఎండుతాయి.
మొదటి వరస వేయబోతూ తామతి అడిగాడు,
"మీకు గాలి ఎటునుంచి?"

చెయ్యెత్తి చూపించాను.
ఈ పెరట్లో టోపీ పట్టుకోవాలని
నాకు ఎవరూ నేర్పలేదు.
అది లేచి, కొట్టం దాటి,
దూడల మధ్య ఎక్కడో పడింది.